ఇంగ్లీషు పోటీలో మన బిడ్డలను దేనిలో పరీక్షిస్తున్నాము?

ఆగస్టు 15 వచ్చినా, నవంబరు 14 వచ్చినా, పాఠశాల వార్షికోత్సవము వచ్చినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు పోటీ అనే మాట వినబడుతుంది. ఎనిమిదో తరగతి మొదలు పదో తరగతి వరకు చదివే బిడ్డలను వేదిక ఎక్కించి ఉపన్యాసము చెప్పిస్తారు. స్పెల్లింగులు అడుగుతారు. వ్యాసము రాయిస్తారు. గెలిచినవారికి ఒక స్టీలు పళ్లెమో, ఒక కప్పో ఇచ్చి చప్పట్లు కొడతారు. ఇదంతా మంచిదే. అయితే ఆ చప్పట్లు ఆగిన తరువాత మనము ఒక ప్రశ్న వేసుకోవలసి ఉన్నది. ఆ బిడ్డకు ఇంగ్లీషు వచ్చునా? లేక ఆ ఉపన్యాసము వచ్చునా?

ఈ రెండింటికి తేడా చాలా ఉన్నది. ఉపన్యాసపు విషయమును వారము ముందే ఇస్తారు. మాస్టారో, ట్యూషను చెప్పే అన్నయ్యో రాసి ఇస్తారు. బిడ్డ దానిని బట్టీ పడుతుంది. వేదికమీద నాలుగో వాక్యము మరచిపోతే అయిదో వాక్యము రాదు. కళ్లనీళ్లతో దిగిపోతుంది. ఆమె మరచిపోయినది ఇంగ్లీషు కాదు, మరొకరు రాసిన కాగితము. అయినా ఆ రోజునుండి తనకు ఇంగ్లీషు రాదని నమ్ముతుంది. ఆ నమ్మకము ఇంటర్మీడియట్‌లోకి, డిగ్రీలోకి, ఉద్యోగపు ఇంటర్వ్యూలోకి ఆమె వెంటే వస్తుంది. మన పల్లె కుటుంబములకు ఇది చిన్న విషయము కాదు.

వెంకమ్మగారి ముందు జరిగిన పరీక్ష

ఇది నిన్న మొన్న పుట్టిన సంగతి కాదు. విజయనగరంలోనే నూరేళ్లకు పైబడిన సాక్ష్యము ఉన్నది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము నాటకము 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించబడి 1897లో అచ్చయినది. అందులో పరీక్ష తప్పిన వెంకటేశం తన గురువు గిరీశాన్ని వెంటబెట్టుకొని అగ్రహారములోని ఇంటికి వస్తాడు. తల్లి వెంకమ్మకు ఇంగ్లీషు రాదు. కొడుకు నేర్చినది వినాలని మాత్రము ఆమెకు ఎంతో ఆశ. ఇద్దరినీ కాసేపు ఇంగ్లీషులో మాట్లాడుకోమంటుంది. గిరీశం గంభీరముగా ఏదో అంటాడు. వెంకటేశం దానికి జవాబుగా బడిలో బట్టీ పట్టిన పిల్లల పద్యమును అప్పజెబుతాడు. ఇలా ఒకదానితో ఒకటి పొసగని ముక్కలతో సంభాషణ సాగిపోతుంది. తల్లి మురిసిపోతుంది.

చదివి మనము నవ్వుకుంటాము. కాని ఆ తల్లిని చూసి నవ్వవద్దు. బిడ్డ చదువుకోసము కష్టపడిన తల్లి ఆమె. ఆ పరీక్షలో లోపము ఎక్కడ ఉన్నది? అడిగినదానికి జవాబు వచ్చినదా అని చూసేవారు అక్కడ లేరు. శబ్దము వినబడితే చాలుననుకున్నారు. ఈనాటి మన పోటీలలో మైకు, బ్యానరు, ముఖ్య అతిథి అన్నీ ఉన్నవి. అడిగినదానికి జవాబు చెప్పగలడా అని చూసే ఏర్పాటు మాత్రము చాలా చోట్ల ఇంకా లేదు.

ఆ నాటకము రాసిన అప్పారావుగారి ఇంగ్లీషు గిరీశం ఇంగ్లీషు వంటిది కాదు. ఆయన విజయనగరం మహారాజావారి కళాశాలలో చదివి అక్కడే పాఠము చెప్పారు. 1883లో సారంగధర అనే కావ్యమును ఇంగ్లీషులో రాశారు. దానిని చదివిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీగారు సొంత భాషలో రాయమని ఆయనకు సలహా ఇచ్చారు. రెండు భాషలూ బాగా తెలిసినవాడు గనుకనే ఆయన ఉత్తుత్తి ఇంగ్లీషును అంత సులువుగా పట్టుకొని చూపించారు.

ఒక్క అక్షరముతో తీర్పు

పలుకును పట్టి మనిషికి తీర్పు తీర్చడము ఎంత భయంకరమైనదో బైబిలు చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో యెఫ్తా కాలపు వృత్తాంతము కలదు. గిలాదువారు యొర్దాను రేవులయొద్ద నిలిచి, దాటవచ్చినవారిని షిబ్బోలెతు అనే మాట పలకమన్నారు. ఎఫ్రాయిమీయుల నోట ఆ మొదటి అక్షరము పలకక సిబ్బోలెతు అని వచ్చేది. ఆ కాలమున నలువది రెండు వేలమంది కూలిపోయినట్లు అక్కడ రాయబడి ఉన్నది. ఆ మాటకు ధాన్యపు వెన్ను అనో, నీటి ప్రవాహము అనో అర్థము చెబుతారు. అర్థము తెలుసునా అని అక్కడ ఎవరూ అడగలేదు. ఈనాటికీ ఇంగ్లీషులో షిబ్బోలెతు అంటే, మనవాడా పరాయివాడా అని తేల్చడానికి పెట్టే గురుతుమాట అని అర్థము.

మన పోటీలలో ప్రాణములు పోవు. అయితే బిడ్డ నోట ఇస్కూలు, టేసను అనే పలుకు రాగానే ముందు వరుసలో నవ్వు పుడుతుంది. ఆ పలుకు వెనుక బుద్ధిహీనత ఏమీ లేదు. మన అచ్చ తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుచేత బస్, పెన్ అనే మాటలు మన నోట బస్సు, పెన్ను అవుతాయి. మాట మొదట రెండు హల్లులు కలిసి వస్తే వాటికి ముందు ఒక అచ్చు చేర్చుకోవడమో, ఒక హల్లును విడవడమో పల్లెనోటికి అలవాటు. ఇది భాష నడిచే తీరు. దీనిని అభ్యాసముతో దిద్దుకోవచ్చును. న్యాయనిర్ణేతలు రెండు రకముల తప్పులను వేరుగా చూడాలి. వినేవారికి అర్థమునే మార్చివేసే తప్పు ఒకటి. అర్థమునకు అడ్డురాని ఊరి యాస మరొకటి. మొదటిదానికి మార్కు తగ్గించవచ్చు. రెండవదానికి బిడ్డను సిగ్గుపరచవద్దు.

స్పెల్లింగు దాటి అర్థమునకు

స్పెల్లింగు పోటీలలో తెలుగు కుటుంబముల బిడ్డలు అమెరికాలో మంచి పేరు తెచ్చుకున్నారు. అక్కడి జాతీయ స్పెల్లింగు పోటీ 1925లో మొదలయినది. 1985లో బాలు నటరాజన్ అనే బాలుడు భారత సంతతివారిలో మొదటిసారి గెలిచాడు. ఆ తరువాతి సంవత్సరములలో గెలిచినవారి పట్టికలో స్నిగ్ధ నందిపాటి (2012), అర్వింద్ మహంకాళి (2013) వంటి పేర్లు కనబడతాయి. 2024లో బృహత్ సోమ అనే పన్నెండేళ్ల బాలుడు చివరి ఘట్టములో 90 సెకండ్లలో 29 మాటలకు సరియైన స్పెల్లింగు చెప్పి గెలిచాడు.

2018 పోటీ ముగింపు మన పాఠకులకు మరింత ఆసక్తి కలిగిస్తుంది. కార్తీక్ నెమ్మాని అనే పద్నాలుగేళ్ల బాలుడిని గెలిపించిన ఆఖరి మాట కొయినోనియా. అది గ్రీకు మాట. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములో, మన తెలుగు బైబిలు సహవాసము అన్నచోట మూలములో ఉన్న మాట అదే.

ఈ పోటీనుండి మనము నేర్చుకోవలసినది మాటల సంఖ్య కాదు, పోటీ నడిపే పద్ధతి. అక్కడ బిడ్డకు ఒక మాట ఇచ్చి ఊరకుండరు. దాని అర్థమేమి, అది ఏ భాషనుండి వచ్చినది, నామవాచకమా క్రియా, ఒక వాక్యములో పెట్టి చెప్పండి అని అడిగే హక్కు బిడ్డకు ఉన్నది. 2021నుండి వేదికమీదనే మాటల అర్థమును అడిగే ఘట్టమును కూడ చేర్చారు. అంటే స్పెల్లింగుకు పేరుపొందిన ఆ పోటీయే అర్థము తెలియని స్పెల్లింగు చాలదని ఒప్పుకున్నది. మన బడులలోనో, మాట పిలవడము, అక్షరములు చెప్పడము, తప్పయితే కూర్చోమనడము, అంతే.

మరొక సంగతి కూడ చెప్పాలి. అమెరికాలో భారత సంతతి బిడ్డలకు ఇటువంటి పోటీలు నడుపుతూ వచ్చిన నార్త్ సౌత్ ఫౌండేషన్ 1989లో ప్రారంభమయినది. దాని స్థాపకులు రత్నం చిట్టూరిగారు తెలుగువారు. ఇండియాలోని పేద విద్యార్థులకు ఉపకార వేతనములు ఇవ్వడము ఆ సంస్థ మొదటి ఉద్దేశ్యము. పోటీ అంటే ఒకరిని గెలిపించి మిగిలినవారిని ఓడించడము మాత్రమే కానక్కరలేదని దీనివలన తెలుస్తున్నది.

ప్రభుత్వ పరీక్షవలన తెలిసినది

మన రాష్ట్రములో ఇటీవల పెద్ద ఎత్తున ఒక ప్రయత్నము జరిగినది. టోఫెల్ పరీక్షను నడిపే ఇ.టి.ఎస్. అనే అమెరికా సంస్థతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023లో ఒప్పందము చేసుకున్నది. ప్రభుత్వ పాఠశాలలలో 3నుండి 5వ తరగతి వరకు చిన్నవారికి ఒక పరీక్ష, 6వ తరగతినుండి పైవారికి టోఫెల్ జూనియర్ అనే మరొక పరీక్ష నిర్ణయించారు. 2024 ఏప్రిల్‌లో పరీక్షలు జరిగాయి. ఆ సంవత్సరమే ప్రభుత్వము మారిన తరువాత ఆ కార్యక్రమము ఆగిపోయినది.

దానిని పెట్టడము మంచిదా, ఆపడము మంచిదా అనే వాదన మాకు అక్కరలేదు. అందులో ఒక మంచి ఆలోచన ఉన్నది, దానిని మాత్రము విడవకూడదు. ఆ పరీక్షలో విని అర్థము చేసుకోవడము ఒక భాగము. పాఠ్యపుస్తకములో లేని భాగమును చదివి గ్రహించడము మరొక భాగము. గైడులో చూసి బట్టీ పడితే దానికి జవాబు రాదు. ఈ ఆలోచనను అమలుపరచడానికి అమెరికా సంస్థ అక్కరలేదు. శ్రద్ధగల ఒక ఇంగ్లీషు మాస్టారు, ఇద్దరు సహాయకులు, ఒక మధ్యాహ్నము సమయము ఉంటే చాలును.

మరి పోటీ ఎలా పెట్టాలి?

పాఠశాలలవారికి, సంఘములలో యౌవనుల పనిని చూసేవారికి మేము ఒక క్రమమును సూచిస్తున్నాము. మొత్తము 50 మార్కులు అనుకుందాము.

వినడము, 10 మార్కులు. నూరు మాటల లోపు ఒక భాగమును నిదానముగా రెండుసార్లు చదివి వినిపించాలి. రైల్వే స్టేషనులో ప్రకటన వంటిది మంచిది. బండి ఎంత ఆలస్యము, ఏ ప్లాట్‌ఫారమునకు మార్చారు అని అడగాలి. పలాసలోనో, శ్రీకాకుళం రోడ్డులోనో రైలెక్కి చెన్నైకి, హైదరాబాదుకు పనికి వెళ్లే కుటుంబములు మన మధ్య ఎన్నో ఉన్నవి. వారి బిడ్డలకు ఇది కథ కాదు, అవసరము.

చదివి గ్రహించడము, 10 మార్కులు. మందు సీసామీది కాగితము, బ్యాంకు ఫారము, హాస్టలు నోటీసు వంటివి ఇవ్వాలి. ఈ మందు మామ్మకు భోజనమునకు ముందు ఇవ్వాలా, తరువాతనా అని అడగాలి. మొదటి సంవత్సరము జవాబును తెలుగులో చెప్పినా మార్కులు ఇవ్వాలి. ఇక్కడ చూసేది గ్రహింపును గనుక.

మాట్లాడడము, 20 మార్కులు. బిడ్డకు తెలిసిన పనిని వివరించమనాలి. బొబ్బిలివైపు బిడ్డ పనసకర్రతో వీణ ఎలా చేస్తారో చెప్పవచ్చు. పొందూరు బిడ్డ దూదిని వాలుగ చేప దవడతో ఎలా ఏకుతారో చెప్పవచ్చు. పలాస బిడ్డ జీడిగింజనుండి పప్పు తీయడము చెప్పవచ్చు. తీరపు ఊళ్ల బిడ్డ వలను గూర్చి, ఉద్దానపు బిడ్డ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరితోటలను పడగొట్టిన సంగతిని గూర్చి చెప్పవచ్చు. బిడ్డకు ఆ విషయము బాగా తెలుసును, న్యాయనిర్ణేతకు అంతగా తెలియదు. అందుచేత అక్కడ నిజమైన సంభాషణ పుడుతుంది. తరువాత న్యాయనిర్ణేత మూడు ప్రశ్నలు వేయాలి. బిడ్డ కూడ న్యాయనిర్ణేతను రెండు ప్రశ్నలు అడగాలి. మన పాఠములు బిడ్డకు జవాబు చెప్పడమే నేర్పుతున్నాయి. ప్రశ్న అడగడము నేర్పేవి తక్కువ.

రాయడము, 10 మార్కులు. బస్సు పాసుకోసము దరఖాస్తు, ఊరిలో బోరు పాడయినదని అధికారికి ఉత్తరము, ఇటువంటివి అరపేజీ చాలును.

న్యాయనిర్ణేతలు బిడ్డకు ఎదురుగా బల్ల వేసుకొని కూర్చోవాలి, ఎత్తైన కుర్చీలో కాదు. మాట మధ్యలో దిద్దవద్దు. బిడ్డ ఆగిపోతే అర నిమిషము మౌనముగా ఓర్చుకోవాలి. ఆ అర నిమిషములో చాలామంది బిడ్డలకు మాట దొరుకుతుంది. పట్నములో చిన్ననాటినుండి ఇంగ్లీషు మీడియములో చదివినవారిని, ఇంటిలో మొట్టమొదట బడికి వెళ్లినవారిని ఒకే వరుసలో నిలబెట్టి కొలవడము న్యాయము కాదు. అందుచేత జూలైలో ఒకసారి, జనవరిలో మరొకసారి ఇదే పోటీ పెట్టి, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారితో పాటు ఎక్కువ ఎదిగినవారికి కూడ బహుమతి ఇవ్వాలి. ఆ బహుమతి పళ్లెము కాక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అయితే ఇంటిల్లిపాదికీ ఉపయోగము.

ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగినది

మాకు ఇంగ్లీషు రాదు, మేమేమి చేయగలము అని తల్లిదండ్రులు అంటారు. చేయగలరు. పొలమునుండి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న వేయండి: “ఈ రోజు ఇంగ్లీషులో ఏటి చదివినావు? ఓపాలి తెలుగులో చెప్పు.” బిడ్డ చెప్పగలిగితే పాఠము అర్థమయినట్లు. చెప్పలేకపోతే అక్షరములు మాత్రమే చదివినట్లు. అప్పుడు కోపపడక, రేపు మాస్టారిని అడగమని చెప్పండి. వెంకమ్మగారివలె శబ్దమునకు మురిసిపోక అర్థమును అడగడమే దీనిలోని మేలు. దీనికి తల్లికి ఇంగ్లీషు రానక్కరలేదు.

మన ఇళ్లలో మరొక సాధనము సిద్ధముగా ఉన్నది. మన బిడ్డలకు తెలుగు వాక్యములు చాలా కంఠస్థము. ఆ వాక్యములనే ఇంగ్లీషు బైబిలులో తెరచి, రెండు పుస్తకములు పక్కపక్కన పెట్టుకొని చదివితే తెలియని మాటల అర్థము తెలిసిన వాక్యమునుండి దానంతటదే తెలుస్తుంది. రోజుకు మూడు వచనములు చాలును. అయితే 1611నాటి కింగ్ జేమ్స్ అనువాదముతో మొదలుపెట్టవద్దు. అది గంభీరమైనదే గాని అందులోని కొన్ని మాటలు ఈనాటి ఇంగ్లీషులో వాడుకలో లేవు. 1976లో పూర్తిగా వెలువడిన గుడ్ న్యూస్ బైబిలు వంటి సులభమైన అనువాదము బిడ్డలకు మేలు.

గిడుగువారు చూపిన బాట

ఇంగ్లీషు రావాలంటే తెలుగును విడిచిపెట్టాలి అనుకునేవారు ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితము దీనికి జవాబు. ఆయన విజయనగరంలో గురజాడవారితో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. అక్కడి కొండలలోని సవరల భాషకు అప్పుడు బడి పుస్తకములు లేవు. ఆయన ఆ భాష మాట్లాడేవారిని చేరదీసి, వారి నోటనుండి విని నేర్చుకున్నారు. సవర బిడ్డలకు వారి భాషలోనే వాచకములు రాశారు, బడులు పెట్టారు. ఆ భాషను గూర్చి ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాకరణము 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయినవి. తెలుగులో వాడుకభాషకోసము పోరాడినవారు కూడ ఆయనే. మూడు భాషలలో ఏ ఒక్కటీ ఆయనకు మరొకదానికి అడ్డు కాలేదు.

ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నాము. ఆ రోజున బడులలో తెలుగునుండి ఇంగ్లీషుకు, ఇంగ్లీషునుండి తెలుగుకు నోటితో చెప్పే పోటీ పెడితే ఎంత బాగుంటుంది! సవర, జాతాపు బిడ్డలు చదివే చోట్ల వారి ఇంటిభాషను కూడ చేర్చవచ్చును. మూడు భాషలలో ఒక కథ చెప్పగల బిడ్డ ఎవరికి తీసిపోతుంది?

అర్థముకాని భాషలో వేవేల మాటలు పలుకుటకంటె, వినేవారికి బోధపడే అయిదు మాటలు మేలని పౌలుగారు కొరింథీయులకు రాశారు. ఆయన మాట్లాడినది ఆరాధనను గూర్చి. అయినా మన ఇంగ్లీషు పోటీల న్యాయనిర్ణేతలకు కూడ ఇది మంచి కొలత. ఈ సంవత్సరము మీ ఊరి బడిలో పోటీ ఉంటే, తల్లిదండ్రులారా, తప్పక వెళ్లండి. మీ బిడ్డ ఎవరో రాసిన పది నిమిషముల ఉపన్యాసమును తడబడకుండ అప్పజెప్పితే సంతోషించండి. కాని మీ బిడ్డ ఆగి, ఆలోచించి, సొంతముగా అయిదు మాటలు కూర్చి అడిగినదానికి జవాబు చెప్పితే, బహుమతి రాకపోయినా, అంతకంటె ఎక్కువ సంతోషించి ఇంటికి తీసుకొని రండి.